పి.ఎస్.ఎ. అంకె పెరిగినప్పుడు



బెంగళూరు నుంచి హోసూరు వెళ్ళే రోడ్డు మీద బొమ్మసంద్ర దాటగానే మా చందాపుర వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి మాట్లాడుకునే ఊరు. ఇదే రోడ్డు మీద బొమ్మసంద్రలో నారాయణ వారి పెద్ద ఆసుపత్రి ఉంది. అటు నగరంలోకి పోతే నిమ్హాన్స్, దాని పక్కనే 1973లో స్థాపించిన కిద్వాయి క్యాన్సర్ సంస్థ ఉన్నాయి. అందువల్ల పుంగనూరు, ముళబాగిలు, కుప్పం వైపు నుంచి వైద్యానికి వచ్చే మా బంధువులందరికీ మా ఇల్లే సత్రం. రెండు భాషలూ వచ్చినవాణ్ణి కాబట్టి వాళ్ళ వెంట దుబాసీగా వెళ్ళడం నా వంతు. ఆ దుబాసీ పనిలో నేను చేసిన ఒక పొరపాటే నా చేత ఈనాటి ప్రసంగం రాయించింది.

విషయం ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించినది. మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉసిరికాయంత ఉండే గ్రంథి ఇది. వయసుతోపాటు పెరుగుతుంది. పెరిగినకొద్దీ ధార సన్నబడుతుంది, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవవలసి వస్తుంది. చాలామందిలో అది మామూలు పెరుగుదలే, క్యాన్సర్ కాదు. ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీను కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తూ ఉంటుంది. దానిని పొడిగా పి.ఎస్.ఎ. అంటారు. ఒక మిల్లీలీటరు రక్తంలో అది ఎన్ని నానోగ్రాములుందో ల్యాబు వాళ్ళు కొలిచి చెబుతారు. నాలుగు లోపల ఉంటే ఫరవాలేదు, దాటితే చూడాలి అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న గీత.

మా మేనమామ పుంగనూరు దగ్గర పల్లెలో టమోటా రైతు. నాకు పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. వయసు 66. ఒక ఉచిత వైద్యశిబిరంలో రక్తం తీస్తే ఆయన పి.ఎస్.ఎ. 4.8 అని వచ్చింది. ఎవరమూ పట్టించుకోలేదు. ఏడాది తరువాత మోకాళ్ళ నొప్పులకని మా ఇంటికి వచ్చినప్పుడు పనిలో పనిగా మళ్ళీ చేయిస్తే 6.1 ఉంది. చీటీ చూసిన డాక్టరుగారు కన్నడంలో, "నాల్కక్కింత మేలె ఇదె" అన్నారు. నాలుగు కంటే పైన ఉంది అని దాని అర్థం. కన్నడంలో 'మేలె' అంటే పైన. మా మామకు కన్నడం అంతంతమాత్రం. ఆయన చెవికి అది మన తెలుగు 'మేలు'గా వినబడింది. బయటికి రాగానే, "మేలుగానే ఉండాదంట కదరా, ఇంక ఊరికి పోదాం పా" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నారు పోసే రోజులు, మనిషిని ఎందుకు కంగారు పెట్టాలి, తరువాత చెప్పవచ్చులే అనుకున్నాను. ఆ తరువాత అనేది ఆరు నెలలకు గాని రాలేదు. అప్పటికి అంకె 8.3.

ఇంట్లో గగ్గోలు పుట్టింది. మా బావమరిది వెంటనే బయాప్సీ చేయించాలన్నాడు. బయాప్సీ అంటే సూదితో కండ ముక్క తీసి పరీక్షించడం. మా అత్తయ్య, సూది పెడితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని ఏడుపు. నాకేమో ఆరు నెలల నాటి నవ్వు గొంతులో ముల్లులా ఉంది. నాలుగు రోజుల పాటు ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను, తెలిసిన వైద్యులనల్లా అడిగాను. అప్పుడు తెలిసిన మొదటి సంగతి ఇది. పెరిగిన అంకె ఒక ప్రశ్న మాత్రమే, తీర్పు కాదు.

పి.ఎస్.ఎ. పెరగడానికి క్యాన్సర్ ఒక్కటే కారణం కాదు. గ్రంథి పెద్దదైతే పెరుగుతుంది. మూత్రంలో చీము, మంట ఉంటే బాగా పెరుగుతుంది. మూత్రం బిగబట్టి గొట్టం వేయించుకున్నా పెరుగుతుంది. పరీక్షకు ముందు రెండు రోజుల్లో దాంపత్యం జరిగినా, చాలాసేపు సైకిలు తొక్కినా కొంత పెరగవచ్చు. రేడియోలో ఈ మాటలు చెప్పడానికి సంకోచంగానే ఉంది గాని, చెప్పకపోతే ఎవరూ అడగరు. అంతేకాదు, ఏ కారణమూ లేకుండానే ఒకే మనిషిలో ఈ అంకె కొన్ని వారాల తేడాలో అటూ ఇటూ ఊగుతుంది. ల్యాబు మారితే కొలిచే పద్ధతి మారి ఇంకొంచెం తేడా వస్తుంది. మా మామ మూడు పరీక్షలూ మూడు ల్యాబుల్లో జరిగాయి. మూడోసారి రక్తం తీసినప్పుడు ఆయనకు మూత్రంలో మంట ఉంది కూడా. ఎవరో ఆ మాట అడిగారా అంటే లేదు. ఆయనంతట ఆయన చెప్పారా అంటే అదీ లేదు.

ఇది ఆయనకు విడమరచి చెబితే, నాకంటే త్వరగా అర్థం చేసుకున్నారు. "మదనపల్లి మార్కెట్లో ఒక దినం రేటు జూసి ఎవడన్నా తోట పెడతాడా? పది దినాల రేటు జూడాల" అన్నారు. నేను చదివిన పుస్తకాలలో ఇంత తేలికగా ఎవరూ చెప్పలేదు.

కనుక మొదట చేసింది మూత్ర పరీక్ష. చీము ఉందని తేలింది, మందులు వాడారు. ఎనిమిది వారాలు ఆగి, మళ్ళీ పి.ఎస్.ఎ. చేయించాం. ఇక మీదట ఎప్పుడు చేయించినా ఈ ల్యాబులోనే అని ఆనాడే అనుకున్నాం. ఇక్కడొక హెచ్చరిక. అంకె తగ్గుతుందేమో చూద్దామని, మూత్రంలో ఏ దోషమూ లేకుండానే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగేవారున్నారు. దానివల్ల ప్రయోజనం లేదని వైద్యులు చెబుతున్నారు. మరొకటి, ధార సన్నబడిందని ఫినాస్టెరైడ్ లేదా డ్యూటాస్టెరైడ్ అనే మందు ఆరు నెలలుగా వాడుతున్న వారిలో పి.ఎస్.ఎ. సుమారు సగానికి పడిపోతుంది. వాళ్ళకు మూడు అని వస్తే దానిని ఆరుగా లెక్కించుకోవాలి. ఆ మాత్ర వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పకపోతే, తక్కువగా కనిపించే అంకె మోసం చేస్తుంది.

మందుల తరువాత మా మామ అంకె 6.6కు వచ్చింది. భయపెట్టిన 8.3 కాదు, అలాగని నాలుగు కిందికీ రాలేదు. అసలు నిర్ణయం ఇక్కడ మొదలవుతుంది.

ఈ పరీక్ష చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవడం మంచిది. అమెరికాలో రిచర్డ్ ఆబ్లిన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో ప్రోస్టేట్ గ్రంథిలో ఇటువంటి పదార్థాన్ని గుర్తించాడు. 1979లో బఫలో నగరంలోని రాస్‌వెల్ పార్క్ సంస్థవారు దానిని శుద్ధి చేసి చూపించారు. 1986లో అక్కడి ప్రభుత్వం ఈ పరీక్షకు అనుమతి ఇచ్చింది. అది క్యాన్సర్ ఉందని తేలిన రోగుల పరిస్థితి గమనించడానికి మాత్రమే. లేనివారిలో ఉందేమో వెతకడానికి 1994లో అనుమతించారు. ఆ పైన లక్షలమందికి పరీక్షలు, బయాప్సీలు, ఆపరేషన్లు జరిగాయి. చివరికి ఆబ్లినే 2010లో, తాను కనుగొన్నదాన్ని ఇంత విచ్చలవిడిగా వాడటం తప్పని పత్రికలో రాశాడు. కారణం లేకపోలేదు. నాలుగుకూ పదికీ మధ్య అంకె ఉన్నవారిలో సుమారు నలుగురికి ఒకరిలోనే క్యాన్సర్ బయటపడుతుందని పాశ్చాత్య దేశాల లెక్క. పది దాటితే సగం మందికి పైగా. ఇటు చూస్తే, 2004లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ పరిశీలనలో అంకె నాలుగు లోపలే ఉన్నవారిలో కూడా నూటికి 15 మందిలో క్యాన్సర్ కనిపించింది. అంటే గీతకు ఇవతల భద్రత లేదు, అవతల శిక్షా లేదు.

అయితే మానేద్దామా? అదీ కుదరదు. యూరప్‌లో లక్షన్నరకు పైగా మగవారిని 23 సంవత్సరాలు గమనించిన పరిశీలన ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలుపు అందుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక్క మరణం తప్పింది. ఆ ఒక్కరు ఎవరో ముందుగా ఎవరూ చెప్పలేరు. బెంగళూరులో కిద్వాయి సంస్థ 1982 నుంచి క్యాన్సర్ కేసుల పట్టిక రాస్తోంది. మగవారికి వచ్చే క్యాన్సర్లలో ప్రోస్టేట్‌ది ఈ నగరంలో ముందు వరుస. పైగా మన వైపు ఇది బయటపడేటప్పటికే ఎముకలకు పాకి ఉండటం ఎక్కువ. నాకు తెలిసిన ఒక రిటైరయిన హెడ్మాస్టరుగారు, అంకె పెరుగుతోందని తెలిసీ రెండేళ్ళు చీటీలు బీరువాలో దాచిపెట్టారు. నడుం నొప్పి వస్తే నూనె రాయించుకున్నారు. ఆయన సంగతి ఇంతకంటే చెప్పలేను.

కనుక ఎవరికి తొందర, ఎవరికి నిదానం అన్నది వేరుచేసుకోవాలి. నడుములో, తుంటిలో వదలని నొప్పి, మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే, లేదా అంకె ఒకేసారి ఇరవై, యాభై అని వస్తే, ఆలోచిస్తూ కూర్చోవడానికి లేదు. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని ఈ జబ్బు వచ్చి ఉంటే మనకు వచ్చే అవకాశం రెండింతలు. తల్లి వైపు ఆడవారిలో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉంటే అదీ డాక్టరుకు చెప్పాలి. మా అత్తయ్యను అడిగితే, మామ చిన్నాయన 'ఉచ్చ రాక' చనిపోయాడన్నది. దానికి ఏ చీటీ లేదు, ఏ పేరూ లేదు. అయినా ఆ మాటను డాక్టరుగారు రాసుకున్నారు.

తరువాత చేతి పరీక్ష. మలద్వారం గుండా వేలితో గ్రంథిని తాకి, గట్టిగా, గడ్డగా ఉందా అని చూస్తారు. అర నిమిషం పని. మా మామ దీనికి ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. ఏ గడ్డా తగలలేదు. తగలకపోయినంత మాత్రాన లేదని కాదని కూడా డాక్టరుగారు చెప్పారు. ఈసారి ఆ రెండో వాక్యాన్ని నేను మింగకుండా తెలుగులో చెప్పాను.

పూర్వం ఈ దశలో నేరుగా బయాప్సీకి పంపేవారు. ఇప్పుడు చాలాచోట్ల ముందుగా ఎం.ఆర్.ఐ. స్కానింగు తీస్తున్నారు. 2018లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 11 దేశాలకు చెందిన 500 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పాత పద్ధతిలో బయాప్సీ, ఇంకొక జట్టుకు ముందు ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానం ఉన్నవారికి ఆ చోటునే బయాప్సీ. రెండో జట్టులో నూటికి 28 మందికి సూదితో పనే పడలేదు. అయినా ప్రమాదకరమైన క్యాన్సర్లు ఆ జట్టులోనే ఎక్కువ దొరికాయి. పాత పద్ధతిలో నూటికి 26, కొత్త పద్ధతిలో 38. ఈ స్కానింగుకు వేలల్లో ఖర్చవుతుంది. ఆంధ్రా నుంచి వచ్చేవారు తమ ఆరోగ్య కార్డు కర్ణాటక ఆసుపత్రుల్లో అన్నిచోట్లా చెల్లదని, చెల్లినచోట కూడా అన్ని పరీక్షలకూ వర్తించకపోవచ్చని తెలుసుకుని, బస్సు ఎక్కకముందే ఫోనుచేసి అడగడం మంచిది.

ఎం.ఆర్.ఐ. చీటీలో ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేస్తారు. ఒకటి, రెండు అయితే అనుమానం తక్కువ. మూడు నడిమధ్య. నాలుగు, ఐదు అయితే అనుమానం ఎక్కువ. గ్రంథి పరిమాణం కూడా రాస్తారు. ఇందులో ఒక చిన్న లెక్క ఉంది, ఐదో తరగతి పిల్లలు చేయగలిగినది. పి.ఎస్.ఎ. అంకెను గ్రంథి పరిమాణంతో భాగించాలి. గ్రంథి 80 మిల్లీలీటర్లుండి అంకె ఆరు అయితే భాగఫలం 0.075. పెద్ద గ్రంథి, అందుకు తగినంత పి.ఎస్.ఎ. గ్రంథి 30 మాత్రమే ఉండి అంకె ఆరు అయితే 0.20. చిన్న తోటలో ఇంత దిగుబడి ఎక్కడిదని ప్రశ్న వస్తుంది. 0.15 దాటితే అనుమానం బలపడుతుందంటారు. మా మామ గ్రంథి 40 మిల్లీలీటర్లు. 6.6ను 40తో భాగిస్తే 0.165. స్కానింగు మార్కు నాలుగు.

చీటీలో అనుమానించిన చోటును నేను తెలుగులో 'మచ్చ' అన్నాను. గడ్డ అనడానికి నోరు రాలేదు. ఆయన నా ముఖం చూసి, "మచ్చంటే పుట్టుమచ్చనా? రేయ్ అబ్బోడా, ఆయప్ప ఏం జెప్పినాడో ఉన్నదున్నట్టు చెప్పు. ఒకసారి మేలని చెప్పి అంపిస్తివి" అన్నారు. ఆ 'మేలె' సంగతి ఆయనకు ఎప్పుడో తెలిసిపోయిందని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం మా వాకిట్లో కూర్చోబెట్టి, మొదటి చీటీ నుంచి చివరి చీటీ వరకు ప్రతి మాటా చెప్పాను. క్యాన్సర్ అనే మాటతో సహా. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇది ఉందని తెలిస్తే ఏం చేస్తారు?"

అసలు అడగవలసిన ప్రశ్న ఇదేనని నాకు ఆలస్యంగా తట్టింది. జవాబు తెలిశాక ఏమీ చేయబోనప్పుడు పరీక్ష ఎందుకు? ఎనభై దాటి, గుండె జబ్బుతో మంచం పట్టిన పెద్దాయనకు పి.ఎస్.ఎ. ఏడు ఉందని సూదులు గుచ్చడంలో అర్థం లేదు. అమెరికాలో నిపుణుల సంఘం 2018లో, 55 నుంచి 69 ఏళ్ళవారు డాక్టరుతో మాట్లాడి ఎవరి నిర్ణయం వారు చేసుకోవాలనీ, 70 దాటినవారికి జబ్బు ఉందేమోనని వెతికే పరీక్ష వద్దనీ చెప్పింది. ఆ దేశ మాజీ అధ్యక్షుడు బైడెన్‌కు చివరి పి.ఎస్.ఎ. పరీక్ష 2014లో జరిగిందని ఆయన తరఫువారు చెప్పారు. 2025 మే నెలలో, 82 ఏళ్ళ వయసులో, ఎముకలకు పాకిన క్యాన్సర్ బయటపడింది. చూశారా, నియమం ఎంత సబబైనదైనా దాని వెలుపల మనుషులుంటారు. నెల్సన్ మండేలాకు 2001లో ఇదే క్యాన్సర్ కనిపిస్తే రేడియేషన్ చేయించుకుని, 2013లో 95వ ఏట వేరే కారణంతో కన్నుమూశారు. మా మామకు 66. తోటలో రోజంతా వంగి పనిచేస్తారు. ఇంకా పదిహేనేళ్ళ జీవితం ఉందనుకోవడం అత్యాశ కాదు. ఆయన విషయంలో తెలుసుకోవడానికి అర్థం ఉంది.

అయితే క్యాన్సర్ అని తేలినా వెంటనే కత్తి పట్టవలసిన పని లేకపోవచ్చు. బ్రిటన్‌లో 1643 మందిపై జరిగిన పరిశీలనలో కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి ఏదీ చేయకుండా పరీక్షలతో గమనిస్తూ ఉండటం, ఇలా మూడు జట్లు చేశారు. 15 ఏళ్ళ తరువాతి ఫలితాలు 2023లో వచ్చాయి. మూడు జట్లలోనూ ఈ జబ్బుతో చనిపోయినవారు నూటికి సుమారు ముగ్గురే. గమనిస్తూ ఉన్నవారిలో నూటికి 60 మందికి ఎప్పుడో ఒకప్పుడు చికిత్స అవసరమైన మాట నిజమే. కానీ మిగిలిన 40 మందికి ఆ బాధ తప్పింది. ఆపరేషన్ తరువాత మూత్రం నిలవకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం మాటలు కావు. ఈ మాట చెప్పాక మా మామ ముఖం తేటపడింది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు కూడా ఒప్పుకున్నట్టే అనుకుని ఇన్నాళ్ళూ బిగుసుకుని ఉన్నారు ఆయన.

అత్తయ్య భయం కూడా తీర్చాలి కదా. సూది పెట్టడం వల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ పాకడం చాలా చాలా అరుదని, ఆ భయంతో పరీక్ష మానుకోనక్కర్లేదని డాక్టరుగారే ఆమెకు చెప్పారు. నిజంగా భయపడవలసినది చీము పట్టడానికి. మలద్వారం గుండా సూది వేసే పాత పద్ధతిలో ఆ ప్రమాదం కొంత ఎక్కువ. వృషణాలకూ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా వేసే పద్ధతిలో తక్కువ. మీ ఆసుపత్రిలో ఏది చేస్తారో అడగండి. షుగరు ఉందా, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారా అన్నది ముందే చెప్పాలి. ఆ మాత్రలు మనంతట మనం ఆపకూడదు. తరువాత కొద్దిరోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో రక్తపు జీర కనిపించడం మామూలే. చలితో జ్వరం వచ్చినా, మూత్రం బిగబట్టినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ఒప్పుదల కాగితం మీద మా బావమరిది సంతకం చేయబోతే మామ కలం లాక్కున్నారు. తెలుగులో, పూర్తి పేరు రాశారు.

ఫలితం పది రోజులకు వచ్చింది. తీసిన ముక్కల్లో రెండింటిలో క్యాన్సర్ ఉంది. గ్లీసన్ మార్కు 3+3, మొత్తం ఆరు. ఈ పద్ధతిని 1966లో డొనాల్డ్ గ్లీసన్ అనే అమెరికన్ వైద్యుడు రూపొందించాడు. పదికి ఆరు అనగానే మా బావమరిది గుండె జారిపోయింది. ఈ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాడే అదృష్టవంతుడు. ఇప్పటి వాడుకలో ఆరే అట్టడుగు మార్కు. గమనిస్తూ ఉందామన్నారు డాక్టరుగారు. ఆరు నెలలకొకసారి పి.ఎస్.ఎ., చెప్పినప్పుడు స్కానింగు, అవసరమైతే మళ్ళీ బయాప్సీ. ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దన్నారు మామ. అందుకే ఆయన పేరు, ఊరి పేరు నేను చెప్పలేదు.

చీటీలన్నీ ఇప్పుడు ఆయన పాసుపుస్తకం కవరులోనే ఉంటున్నాయి. అంకెలు గోడ క్యాలెండరు మీద కూడా రాసుకుంటున్నారు, టమోటా రేట్ల పక్కనే. మొన్న చేయించిన పరీక్షలో 6.9 వచ్చింది. ఫోనులో ఆ అంకె చెప్పగానే అటునుంచి ఆయన అడిగింది, "అదే ల్యాబేనా?" అని. అదేనన్నాను. "మూత్రం జూసినారా?" చూశారు, ఏమీ లేదన్నాను. "సరే, ఇంకో ఆరు నెల్లకు వస్తా. మీ అత్తకు నేనే జెప్తాలే" అని ఫోను పెట్టేశారు.